వెలుగులో వణుకు

పోయిన చలికాలంలో ఒక రాత్రి మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని హైస్కూలు ఫిజిక్స్ లాబ్ రిపోర్టు రాసుకుంటోంది. లోలకం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపి, ఒక్కో ఊపుకి ఎంతసేపు పడుతోందో కొలిచి, దాన్నుంచి గురుత్వ త్వరణం లెక్కకట్టాలి. తనకి 9.4 వచ్చింది. పుస్తకంలో ఉన్నది 9.8.

"ఏముందమ్మా, టైము రీడింగులు అక్కడొకటీ ఇక్కడొకటీ కాస్త సర్దెయ్. 9.8 వచ్చేస్తుంది" అన్నాను కాఫీ కలుపుకుంటూ. మాట నోరు దాటాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

అది తలెత్తి నాకేసి వింతగా చూసింది. "నాన్నా, ఈ రిపోర్టులో సగం మార్కులు ఎర్రర్ ఎక్కడనుంచి వచ్చిందో రాసినందుకే ఇస్తారు. నంబరు సర్దేస్తే ఇంక నేను రాయడానికి ఏం మిగులుతుంది?" అంది.

సమాధానం చెప్పలేక కాఫీ తాగాను. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే రోజుల్లో మా కాలేజీ లాబ్‌లో న్యూటన్ వలయాల ప్రయోగం ఉండేది. అది చేసిన పాఠకులు ఇక్కడ చాలామందే ఉంటారు. గాజుపలక మీద కుంభాకార కటకం పెట్టి, పైనుంచి సోడియం దీపం పచ్చటి వెలుగు పడేలా చేసి, మైక్రోస్కోపులోంచి చూస్తే ఒకదాని చుట్టూ ఒకటి నల్లటి వలయాలు కనిపిస్తాయి. వాటి వ్యాసాలు కొలిచి ఆ వెలుగు తరంగదైర్ఘ్యం కనుక్కోవాలి. జవాబు 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు అని బల్ల దగ్గరకి వెళ్ళకముందే అందరికీ కంఠస్థం. నాకు 6200 దరిదాపుల్లో వచ్చింది. పక్క బెంచీ వాడు పాఠం చెప్పాడు: జవాబునుంచి మొదలెట్టి వెనక్కి లెక్కకట్టుకుంటూ వస్తే రీడింగులు అవే తయారవుతాయి. అలాగే చేశాను. రికార్డులో ఎర్రసిరాతో "గుడ్" అని పడింది.

ఆ రాత్రి అమ్మాయి అడిగిన ప్రశ్నతో, నేను కొన్నేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా చదువుతున్న ఒక చరిత్ర గుర్తొచ్చింది. అదీ ఇలాంటి వెలుగు చారల చరిత్రే. తప్పు ఎక్కడనుంచి వస్తోంది అని మనుషులు నూట నలభై ఏళ్ళు పట్టు వదలకుండా అడిగిన కథ. అది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

కథ 1881లో మొదలవుతుంది. ఆల్బర్ట్ మైకెల్సన్ ప్రష్యాలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వచ్చి, కాలిఫోర్నియా, నెవాడాల్లోని గని ఊళ్ళలో పెరిగినవాడు. అప్పటికి నౌకాదళంలో ఆఫీసరు. చదువుకోసం జర్మనీ వెళ్ళి అక్కడ ఒక పరికరం తయారు చేయించాడు. దానికి డబ్బు సాయం చేసినాయన టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్.

దాని కిటుకు చెప్పుకోడానికి తేలికే. ఒక వెలుగు కిరణాన్ని సగం పూత పూసిన అద్దం మీదకి పంపితే సగం వెలుగు అద్దంలోంచి తిన్నగా పోతుంది, సగం పక్కకి తిరుగుతుంది. రెండు సగాలూ రెండు దారుల్లో వెళ్ళి, చివరున్న అద్దాలకి తగిలి వెనక్కి వచ్చి మళ్ళీ కలుస్తాయి. శిఖరం మీద శిఖరం పడితే వెలుగు, శిఖరం మీద లోయ పడితే చీకటి. వెలుగు తరంగం మిల్లీమీటరులో సుమారు రెండు వేలో వంతే ఉంటుంది కాబట్టి, ఒక దారి రవంత మారినా ఆ చారలు జరుగుతాయి. దీన్నే ఇంటర్‌ఫెరోమీటర్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో దీని వెనకున్న ధర్మాన్ని వ్యతికరణం అని చదువుకున్నాం.

వెలుగు ఈథర్ అనే మాధ్యమంలో ప్రయాణిస్తుందనీ, భూమి దాన్ని చీల్చుకుంటూ పోతుందనీ ఆ రోజుల నమ్మకం. ఆ ఎదురుగాలిని కొలవాలని మైకెల్సన్ ఉద్దేశం. బెర్లిన్‌లో బళ్ళ రాకపోకలకి చారలు నిలవలేదు. పరికరాన్ని పోట్స్‌డామ్ తీసుకెళ్ళాడు. అక్కడా వంద మీటర్ల దూరంలో ఎవరైనా కాలు నేలకేసి కొడితే చారలు మాయమయ్యేవి! 1887లో ఒహైయోలోని క్లీవ్‌లాండ్‌లో ఎడ్వర్డ్ మోర్లీతో కలిసి మళ్ళీ చేశాడు. ఈసారి పరికరాన్ని పెద్ద రాతిపలక మీద బిగించి, ఆ పలకని పాదరసం మీద తేల్చారు. ఈథర్ ఉంటే చార వెడల్పులో 0.4 వంతు జరగాలి. అందులో ఇరవయ్యో వంతు జరుగుడు కూడా కనిపించలేదు.

మైకెల్సన్‌కి అది పెద్ద ఆశాభంగం. లోకమంతా ఒప్పుకున్న జవాబు ఒకటుంది, తన కొలత దానికి సరిపోవడం లేదు. మా పక్క బెంచీ వాడి సలహా ఆయన తీసుకోలేదు. వచ్చింది వచ్చినట్టు అచ్చువేశాడు. 1905లో ఐన్‌స్టయిన్ ఈథర్ అవసరమే లేదని తేల్చాక ఆ "రాని" ఫలితం విలువ అందరికీ తెలిసింది. 1907లో మైకెల్సన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. విజ్ఞాన శాస్త్రాల్లో ఒక అమెరికన్‌కి దక్కిన మొట్టమొదటి నోబెల్ అది.

ఇక రెండో ఘట్టం. ద్రవ్యం కదిలితే స్థలమే అలల్లా సాగి ముడుచుకుంటుందని 1916లో ఐన్‌స్టయిన్ చెప్పాడు. ఇవే గురుత్వ తరంగాలు. 1960ల చివర ఎం.ఐ.టి.లో రైనర్ వైస్ సాపేక్షతా సిద్ధాంతం పాఠం చెబుతూ, ఈ అలల్ని ఇంటర్‌ఫెరోమీటర్‌తో పట్టగలమా అని విద్యార్థులకి లెక్క ఇచ్చాడు. వైస్ కూడా బెర్లిన్‌లో పుట్టి, నాజీల బారినుంచి తప్పించుకున్న కుటుంబంతో చిన్నతనంలో అమెరికా చేరినవాడే. 1972లో ఆయన ఒక అంతర్గత నివేదిక రాశాడు. అందులో ఎక్కువ భాగం పరికరం గొప్పతనం గురించి కాదు. నేల కంపనం, వేడి, లేజర్ నిలకడలేమి, గాలి, అయస్కాంత క్షేత్రాలు, ఇలా దాన్ని తప్పుదారి పట్టించగల వాటన్నిటి జాబితా. పరికరం కట్టకముందే దానిలో దొర్లబోయే తప్పులన్నీ వరసగా రాసి, ఒక్కోటీ ఎంతుంటుందో లెక్కకట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో పాతికేళ్ళుగా పనిచేస్తున్న నాకు ఆ జాబితా చూస్తే కాస్త అసూయ. మేం ప్రోగ్రాం రాశాక గానీ తప్పులు వెతకం.

ఆ జాబితాలో మిగతావన్నీ ఎలాగోలా తగ్గించవచ్చు. అద్దాన్ని సన్నటి తీగలకి వేలాడదీస్తే నేల కంపనం తగ్గుతుంది. గొట్టాల్లోంచి గాలి తోడేయవచ్చు. అన్నీ అయ్యాక కూడా ఒకటి మిగులుతుంది. వెలుగు తనంతట తాను వణుకుతుంది.

రేకుల కప్పు కింద కూర్చుని వాన విన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చినుకులు పడేటప్పుడు టప్, టప్‌టప్, మళ్ళీ టప్ అని ఒక లెక్కా పత్రం లేకుండా వినిపిస్తుంది. జోరువానలో అదే ఒక నిలకడైన హోరుగా మారిపోతుంది. వెలుగు కూడా ఫోటాన్లనే చినుకులుగా పడుతుంది. సగటున 100 ఫోటాన్లు రావలసిన చోట పదో, పన్నెండో అటూఇటూ అవుతాయి. అంటే పది శాతం వణుకు. 10,000 రావలసిన చోట సుమారు 100 అటూఇటూ అవుతాయి, ఒక్క శాతమే. వెలుగు వందరెట్లు పెంచితే కచ్చితత్వం పదిరెట్లు పెరుగుతుందన్న మాట. దీన్ని షాట్ నాయిస్ అంటారు. నాయిస్‌ని మన భాషలో రొద అందాం.

అయితే వెలుగు పెంచుకుంటూ పోతే సరిపోతుంది కదా? సరిపోదు. వెలుగు అద్దాన్ని నెడుతుంది కూడా. వాన జోరు పెరిగితే ఉయ్యాల బల్ల ఊగినట్టు, ఫోటాన్ల తాకిడికి వేలాడే అద్దం కదులుతుంది. ఒక రొద తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుంది. పైగా అంత వెలుగుకి అద్దాలు వేడెక్కి ఆకారం మారుతుంది.

1970ల చివర్లో దీనిమీద ఒక వాదన నడిచింది. రెండు దారుల్లోనూ వెళ్ళేది ఒకే లేజర్ వెలుగు. దాని వణుకు రెండు అద్దాల్నీ ఒకేలా నెడుతుంది. రెంటికీ తేడా కొలిచేటప్పుడు అది కొట్టుకుపోవాలి. మరి ఈ రొద ఉన్నట్టా, లేనట్టా? 1980, 81ల్లో కాల్‌టెక్‌లో ఉన్న కార్ల్టన్ కేవ్స్ అనే యువకుడు రెండు పత్రాల్లో జవాబు చెప్పాడు. నా మటుకు నాకు ఈ చరిత్ర మొత్తంలో గుండెకాయ అదే.

సగం పూత అద్దానికి వెలుగు లోపలికి రాగల వైపులు రెండున్నాయి. ఒకటి లేజర్ వైపు. దాన్ని వీధి గుమ్మం అందాం. రెండోది కొలిచే పరికరం ఉన్న వైపు. అటునుంచి మనం ఏ వెలుగూ పంపం. అది పెరటి గుమ్మం. ఏమీ పంపడం లేదు కాబట్టి ఏమీ రావడం లేదని అందరూ ఊరుకున్నారు. కాని క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం శూన్యం పూర్తిగా నిశ్శబ్దం కాదు. వెలుగంతా తీసేసినా అడుగున ఇక తగ్గని కనీసపు వణుకు ఒకటి ఉంటుంది. ఆ వణుకు పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చి, లేజర్ వెలుగుతో కలిసి, ఒక దారిలో కాస్త ఎక్కువగా, ఇంకో దారిలో కాస్త తక్కువగా తేలుతుంది. షాట్ నాయిస్‌కీ అదే మూలం, అద్దాల్ని నెట్టే రొదకీ అదే మూలం. ఇల్లంతా దుమ్మెందుకు పడుతోందని ఏళ్ళ తరబడి వీధి తలుపు బిగిస్తూ కూర్చుంటే, ఒకాయన వచ్చి పెరటి తలుపు చూపించినట్టయింది.

మూలం తెలిశాక మందూ తెలిసింది. ఆ శూన్యపు వణుకుని పూర్తిగా తీసేయలేం, ప్రకృతి ఒప్పుకోదు. కాని అందులో రెండు పాళ్ళున్నాయి: తరంగం ఎత్తులో వణుకు, తరంగం వచ్చే వేళలో వణుకు. దిండుని ఒకవైపు నొక్కితే దూది ఇంకోవైపు ఉబ్బుతుంది కానీ తగ్గదు. ఇదీ అంతే. మనం కొలిచే పాలులో వణుకుని నొక్కేసి, మనకి పనిలేని పాలులోకి దాన్ని నెట్టేయవచ్చు. అలా నొక్కిన శూన్యాన్ని పెరటి గుమ్మంలోంచి పంపితే సరి అన్నాడు కేవ్స్. దీన్నే ఇంగ్లీషులో స్క్వీజ్డ్ లైట్ అంటారు. మనం నొక్కిన వెలుగు అందాం.

కాగితం మీద బాగానే ఉంది. చేసి చూపించేదెవరు? 1985లో బెల్ లాబ్స్‌లో రిచర్డ్ స్లషర్ బృందం మొదటిసారి సాధించింది. శూన్యపు రొదకన్నా ఏడు శాతం తక్కువ, అంతే. దానికి వాళ్ళు వాడింది సోడియం పరమాణువులు. నా న్యూటన్ వలయాల దీపంలో ఉన్న సోడియమే! మరుసటేడు టెక్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్ కింబుల్ బృందం ఒక స్ఫటికంతో ఆ రొదని సగానికి పైగా తగ్గించింది. ఆ స్ఫటికంలో ఒక్కో ఫోటాన్ విడిపోయి రెండు కవల ఫోటాన్లు పుడతాయి. కవలలు కాబట్టి వాటి రాకపోకల్లో పొత్తు ఉంటుంది. విడివిడి చినుకుల్లా కాకుండా జట్లుగా వస్తాయి. 1987లో అదే బృందం బల్ల మీది చిన్న ఇంటర్‌ఫెరోమీటర్‌లో నొక్కిన వెలుగు వాడి, షాట్ నాయిస్ హద్దు దాటి కొలిచి చూపించింది.

ఆ టెక్సస్ విశ్వవిద్యాలయంలోనే అప్పుడు మన దేశస్థుడు ఇ.సి.జి. సుదర్శన్ పనిచేస్తుండేవారు. ఇలాంటి వెలుగు మామూలు వెలుగుకి ఎక్కడ వేరో చెప్పే గణితభాషని 1963లో రూపొందించినవాళ్ళు రాయ్ గ్లౌబర్, సుదర్శన్. 2005లో గ్లౌబర్‌కి నోబెల్ ఇచ్చి సుదర్శన్‌ని వదిలేశారన్న బాధ మనవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ ఉంది. మనకి ఇంకా దగ్గర సంగతి ఒకటి చెబుతాను. గిరీష్ అగర్వాల్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలా ఏళ్ళు ఈ రంగంలోనే పనిచేశారు. 1991లో ఆయనా, కె. తారా కలిసి, మామూలు లేజర్ వెలుగుకి సరిగ్గా ఒకటో రెండో ఫోటాన్లు కలిపితే వచ్చే కొత్తరకం వెలుగు గురించి రాశారు. అందులోనూ ఈ నొక్కుడు గుణం ఉంటుందని చూపించారు. 2004లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఆ వెలుగుని నిజంగానే తయారుచేశారు. అప్పుడు మా కాలేజీ లాబ్‌కి కొన్ని గంటల రైలు దూరంలో ఈ పని జరిగిందని నాకు తెలిసింది అమెరికా వచ్చాక!

బల్ల మీద సాధించింది పెద్ద పరికరంలోకి రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. గురుత్వ తరంగాలు సెకనుకి వందసార్లో వెయ్యిసార్లో ఊగే నెమ్మది అలలు. అంత నెమ్మది చోట నొక్కిన వెలుగు నిలిచేది కాదు. పరికరం గోడలకి తగిలి చెదిరిన రవంత వెలుగు దాన్ని పాడుచేసేది. 2004లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆ చిక్కు వీడింది. తర్వాత జర్మనీలో హానోవర్ బృందం దాన్ని పక్కా చేసింది. ఇంకో కష్టం నష్టం. దారిలో పోయిన ప్రతి ఫోటాన్ స్థానంలో మామూలు శూన్యం వచ్చి చేరుతుంది, చిక్కటి పాలల్లో నీళ్ళు కలిసినట్టు. అందుకని ప్రతి అద్దం, ప్రతి కటకం నష్టం తగ్గించేలా మళ్ళీ చెక్కుకోవలసి వచ్చింది. 2010లో హానోవర్ దగ్గరి జియో 600 పరికరంలో నొక్కిన వెలుగు మొదటిసారి నిజమైన పనిలో దిగింది. మరుసటేడు వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ దగ్గరున్న లైగోలో పరీక్షించి చూశారు.

2015 సెప్టెంబరు 14న లైగో మొదటి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నప్పుడు నొక్కిన వెలుగు దానిలో లేదు. నాలుగు కిలోమీటర్ల చేతులున్న కొత్త పరికరం అప్పుడే తయారైంది. అది చూసిన కదలిక ప్రోటాన్ వ్యాసంలో వెయ్యోవంతు కన్నా కాస్త ఎక్కువ. 2017లో వైస్‌కి, బారీ బారిష్, కిప్ థోర్న్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. ఇంక చాలనుకుని వాళ్ళు ఊరుకోలేదు. 2019 ఏప్రిల్‌లో మొదలైన మూడో విడతలో రెండు లైగో పరికరాల్లోనూ నొక్కిన వెలుగు పెట్టారు. తరంగాలు చిక్కే రేటు హాన్‌ఫర్డ్‌లో 40 శాతం, లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో 50 శాతం వరకు పెరిగింది. కేవ్స్ కాగితం మీద రాసి అప్పటికి 38 ఏళ్ళు. ఈ పనిని నడిపించినవాళ్ళలో ముఖ్యురాలు ఎం.ఐ.టి.లోని నర్గిస్ మావల్వాలా. ఆమె కరాచీలో పెరిగి ఇక్కడ చదువుకోడానికి వచ్చిన పార్శీ మహిళ.

ఆ వేసవిలోనే మేం హాన్‌ఫర్డ్ చూడ్డానికి వెళ్ళాం. సియాటిల్ నుంచి కారులో నాలుగు గంటలు. కొండలు దాటగానే పచ్చదనం పోయి అనంతపురం పక్కన తిరుగుతున్నట్టుంటుంది. కనుచూపు మేర ఎండుగడ్డి, మధ్యలో తిన్నగా సాగిపోయే కాంక్రీటు గొట్టం. అప్పటికి మా అమ్మాయికి పదేళ్ళు. "ఇంత పెద్దది కట్టి ఇంత చిన్నది కొలుస్తారా?" అని అడిగింది. మా ఆవిడ "మీ నాన్న ఉప్పు కొలిచినట్టే" అని నవ్వింది.

కథ అక్కడితో ఆగలేదు. నొక్కిన వెలుగుకి దిండు లక్షణం ఉందని చెప్పాను కదా. వేళలోని వణుకుని నొక్కితే ఎత్తులోని వణుకు ఉబ్బి, నెమ్మది అలల దగ్గర అద్దాల్ని ఎక్కువ నెడుతుంది. 2020లో లైగో వాళ్ళు దాన్ని కొలిచారు కూడా. 40 కిలోల అద్దాన్ని శూన్యపు వణుకు కదిలిస్తోంది! దీనికి విరుగుడు 2001లోనే కింబుల్, థోర్న్, వాళ్ళ సహచరులు రాసి పెట్టారు. నొక్కిన వెలుగుని ముందుగా ఒక పొడవాటి గదిలో తిప్పి, నెమ్మది అలలకి ఒకలా, వేగం అలలకి ఇంకోలా నొక్కుడు దిక్కు మార్చాలి. 300 మీటర్ల ఆ గదిని కట్టి, 2023 మేలో మొదలైన నాలుగో విడతలో వాడారు. దాంతో పరికరం వినగల ఆకాశపు ఘనపరిమాణం 65 శాతం వరకు పెరిగింది. మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢా దగ్గర లైగో-ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం సుమారు 2,600 కోట్ల రూపాయలకి ఆమోదం తెలిపింది. ఆ ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే.

వైస్ 2025 ఆగస్టులో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఆ 1972 జాబితాయే.

ఇంతకీ మా అమ్మాయి లోలకం సంగతి. ఆ రాత్రి కాఫీ అయ్యాక నేను దానికి నా న్యూటన్ వలయాల కథ దాచకుండా చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత, "మరి నీకు 6200 ఎందుకు వచ్చింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కటకం మీద దుమ్ముందో, వలయాలు లెక్కపెట్టడంలో ఒకటి జారిపోయిందో. రికార్డు పుస్తకం మా ఊళ్ళో అటక మీద ఇప్పటికీ ఉంది కానీ, అందులో ఉన్నవి నేను తయారుచేసిన అంకెలు. అసలు రీడింగులు ఎక్కడా లేవు.

అది మాత్రం తన ఎర్రర్ కనుక్కుంది. దారం పొడవు ముడి దగ్గరకే కొలిచింది, 48 సెంటీమీటర్లు. గుండు మధ్యకి కొలవాలి. గుండు వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు. ఆ రెండూ కలిపితే లెక్క 9.8కి వచ్చేస్తోంది. అదంతా కింద వివరంగా రాసింది. పైన ఫలితం గడిలో మాత్రం 9.4 అలాగే ఉంచింది.